అబూ సింబెల్ చూసొచ్చి చెబుతున్నా, సాగర్‌లో రెండు రాత్రులు ఉండండి

సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల లీవు కలుపుకొని ఈజిప్టు వెళ్ళాం. ఆ దేశానికి దక్షిణపు కొసన, సూడాన్ సరిహద్దుకు దగ్గర్లో, కొండలో తొలిచిన ప్రాచీన గుడి ఉన్న అబూ సింబెల్ అనే చిన్న ఊరుంది. అక్కడ దిగిన రాత్రి మూడింటికల్లా మెలకువొచ్చేసింది. ఒళ్ళు ఇంకా నల్లగొండ టైములోనే ఉంది. చలికాలంలో మనకూ వాళ్ళకూ మూడున్నర గంటల తేడా. వేసవిలో వాళ్ళు గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి రెండున్నరే. అక్కడ మూడంటే సాగర్ దగ్గర మా అమ్మ ఉండే హాలియాలో ఆరున్నర. అమ్మ వాకిలి ఊడ్చి చాయ్ పెట్టుకునే వేళ. దుప్పటి కప్పుకొని బయట మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చేశాను.

"ఏడున్నవ్ బిడ్డా? అంత చీకటుందేంది?"

"ఇక్కడ ఇంకా తెల్లారలేదమ్మా. మూడు గంటలకు పైనే ఉంది."

అమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే మన దగ్గర పొడిచినంక నీ దిక్కొస్తడన్నమాట సూర్యుడు. సరే, నేను చూసి పంపిస్త తియ్," అంది.

ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను. గ్లోబు తిప్పి, టార్చిలైటు వేసి రేఖాంశాలు వివరించాను. ఆ ఒక్క మాటతో అర్థమైనంతగా నాకెప్పుడూ అర్థం కాలేదు.

తిరిగొచ్చాక స్టాఫ్ రూంలో జీవశాస్త్రం మేడం అడిగింది: "అంత దూరం పోయొచ్చిన్రు గదా మేడం, ఇగ మన సాగర్ కంటికి ఆనుతదా?" ఆనుతది అన్నాను. ఇప్పుడే బాగా ఆనుతది అన్నాను. మర్యాదకు అంటున్నానేమో అనుకొని నవ్వింది. అందుకే ఇది రాస్తున్నాను. చూడాల్సిన వస్తువేది అంటే అబూ సింబెలే గొప్పది, అందులో వాదన లేదు. వెళ్ళి ఉండాల్సిన ఊరేది అంటే మాత్రం నేను నాగార్జునసాగర్ పేరే చెబుతాను. జనం ఈ రెండు ఊళ్ళనూ ఒకే తీరుగా పోగొట్టుకుంటున్నారన్నది నా అసలు బాధ. పూటలో చూసి వెళ్ళిపోతారు.

ఈ రెంటికీ పోలికేంటని అడగొచ్చు. నాకైతే ఇంతకన్నా దగ్గరి పోలిక ఇంకెక్కడా దొరకలేదు. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1960 జనవరిలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ నైలు మీద అస్వాన్ హై డ్యామ్ పని మొదలుపెట్టించాడు. ఇద్దరూ స్నేహితులు, ఇద్దరికీ ఆనకట్టలే కొత్త దేశానికి పునాది. రెండు నదులకూ అడ్డం కట్టగానే రెండు ప్రాచీన లోయలు మునుగుతాయని తేలింది. అక్కడ నైలు ఒడ్డు నూబియా, ఇక్కడ కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అక్కడా ఇక్కడా నీళ్ళు రాకముందే రాళ్ళను ఎత్తి ఒడ్డున పెట్టారు. నాగార్జునకొండ లోయలో మన పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వింది. ఆ పని ముగిసిన మరుసటి ఏడాదే, 1961లో, అదే శాఖ నుంచి బి.బి.లాల్ నాయకత్వంలో ఒక బృందం నూబియాకు వెళ్ళి, మునగబోతున్న నైలు ఒడ్డున తవ్వకాలు చేసింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో కృష్ణ నుంచి కాపాడుకోవాల్సినవి కాపాడుకొని, పొరుగింటికి నైలు ఒడ్డుకు సాయం వెళ్ళిన వాళ్ళన్నమాట మనవాళ్ళు.

ఇంకో పోలిక నాకు ఇంటి సంగతి. ఈ రెండు ఊళ్ళూ పనివాళ్ళ క్యాంపులుగా పుట్టినవే. ఇప్పటి అబూ సింబెల్ ఊరు, డ్యామ్ నీళ్ళలో మునగకుండా గుడిని కోసి పైకెత్తిన ఇంజనీర్లకు, కూలీలకు వేసిన కాలనీ చుట్టూ పెరిగింది. సాగర్‌లో మన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ కూడా డ్యామ్ కట్టినవాళ్ళ కోసం పుట్టాయి. ఆ కట్టినవాళ్ళలో మా అమ్మమ్మ, తాత ఉన్నారు. వాళ్ళది కల్వకుర్తి దిక్కు. పాలమూరు కూలీలంటే దేశమంతా డ్యాములు కట్టిన చేతులని అందరికీ తెలుసు. మా తాత ఒక గుంపు మేస్త్రీ కింద రాయి మోయడానికి సాగర్ వచ్చాడు. అమ్మ క్యాంపులోనే పుట్టింది. పనయ్యాక తిరిగిపోయే నేల లేక హాలియాలో నిలబడ్డారు. కాబట్టి సాగర్ గురించి నేను పక్షపాతం లేకుండా మాట్లాడలేను, మాట్లాడాలని కూడా లేదు.

ముందు అబూ సింబెల్ సంగతి చెప్పనివ్వండి, దానికి దక్కాల్సిన గౌరవం దానికి దక్కాలి.

చాలామంది అస్వాన్‌లో దిగి, తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కి, ఎడారిలో 280 కిలోమీటర్లు పోయి, ఏడున్నర ఎనిమిదికి గుడి ముందు దిగుతారు. రెండు గంటలు చూసి పదింటికల్లా మళ్ళీ బస్సు. మా తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చి అస్వాన్‌లో మమ్మల్ని కలిశాడు. వాడూ అదే బుక్ చేద్దామన్నాడు. "అక్కా, అందరూ అట్లనే పోతరు. ఆడ రాత్రి ఉండి ఏం జేస్తం?" అన్నాడు. నేను పట్టుబట్టి మధ్యాహ్నం కారు మాట్లాడించి, రాత్రి అక్కడే ఉండేట్టు చేశాను. మూడున్నర గంటల తేడా ఉంది చూశారూ, అది మనలాంటి వాళ్ళకు దేవుడిచ్చిన సౌకర్యం. పడమటికి వెళ్ళినవాళ్ళకు తెల్లవారకముందే మెలకువొచ్చేస్తుంది. అలారం పెట్టక్కర్లేదు, కళ్ళు మండవు. యూరప్ వాళ్ళు తిట్టుకుంటూ లేచే వేళకు మనం స్నానం చేసి తయారుగా ఉంటాం.

గేటు తీయగానే లోపలికెళ్ళాం. మేం ముగ్గురం, ఇంకో ముసలి జంట, కాపలా మనిషి. కొండను చుట్టి ముందుకొస్తే ఎదురుగా నాసర్ సరస్సు, దానికి ముఖం పెట్టి కూర్చున్న నలుగురు రామ్సెసులు. రెండో రామ్సెస్ అనే ఒకే రాజు, నాలుగుసార్లు, ఒక్కో విగ్రహం 20 మీటర్ల ఎత్తు. మూడు వేల రెండు వందల ఏళ్ళకు పైబడిన పని. ఆరున్నర దాటాక సరస్సు అవతల ఎర్రటి గీత పడింది. మొదటి ఎండ రాజు మీద పడలేదు. ఆయన తలల పైన, గుడి ముఖానికి అంచులా, చేతులెత్తి నిలబడ్డ కోతుల వరస ఒకటి చెక్కారు. ఎండ ముందు ఆ కోతుల మీద పడింది. పొద్దుకు దండం పెట్టే కోతులవి. తర్వాత కిరీటాలు, నుదుళ్ళు, పెదవులు, భుజాలు. మోకాళ్ళ దాకా దిగడానికి చాలాసేపు పట్టింది. మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఆయన చేతిలో ఫోనుంది, ఫోటో తీయడం మరిచిపోయాడు.

నాలుగింటిలో ఎడమ నుంచి రెండో విగ్రహానికి నడుం పైన ఏమీ లేదు. ప్రాచీన కాలంలోనే భూకంపానికి విరిగి పడింది. తల, ఛాతీ ముక్కలు కాళ్ళ దగ్గర నేల మీద పడి ఉంటాయి. 1964, 1968 మధ్య ఈ గుడి మొత్తాన్ని వెయ్యికి పైగా ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క 20 నుంచి 30 టన్నులు. 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ పేర్చారు. ఆ పేర్చడంలో, ఈ విరిగి పడిన తలను కూడా పాతచోట ఎట్లా పడి ఉందో అట్లాగే పెట్టారు. అతికించగలిగీ అతికించలేదు. నాకు ఈ గుడి మొత్తంలో గొప్పగా అనిపించింది అదే. దెబ్బను దెబ్బగానే ఉంచడానికి ఎంత నిజాయితీ కావాలి! దగ్గరికెళ్ళి చూస్తే రాజు ఒంటి మీద కోత గీతలు సన్నగా కనబడతాయి. ఇసుక రంగు గచ్చు నింపిన గీతలు. బట్టకు మాటు వేసిన చోట దారం కనబడ్డట్టు.

ఎనిమిదికి బస్సులొచ్చాయి. పావుగంటలో ఆ చోటు సంతయింది. లోపల రాజును దేవుళ్ళతో పాటు కూర్చోబెట్టిన గర్భగుడి ముందు క్యూ, జెండాలు పట్టుకున్న గైడ్లు, ఒకరి మీద ఒకరు ఫోన్లు. పదిన్నరకల్లా మళ్ళీ ఎవరూ లేరు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ ఈ గర్భగుడిలోకి సూటిగా దూరి నలుగురిలో ముగ్గురి మీద పడుతుంది. పాతాళంతో సంబంధమున్న ప్టాహ్ దేవుడు మాత్రం నీడలో ఉండిపోతాడు. దానికోసం ప్రపంచమంతా వస్తుంది. రావాల్సిందే. కానీ నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయంలో ఏడాదికి రెండు రోజులు కాదు, రోజూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగం వెనక ఒకే స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. నల్లగొండ బస్టాండు నుంచి ఆటోలో పోవచ్చు. మా బళ్ళో సగం మంది పిల్లలు చూడలేదు. ఈ ఏడాది నేను తీసుకెళ్తున్నాను.

మధ్యాహ్నం ఊళ్ళో తిరిగాం. ఒక నూబియన్ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఆ ఇంటావిడ గాజు గ్లాసుల్లో ఎర్రటి షర్బత్ ఇచ్చింది. కర్కదే అంటారట. ఒక గుక్క తాగగానే నాకు నాలుక మీద మా ఇల్లు తగిలింది. ఈ పులుపు నాకు తెలుసు. ఎండబెట్టినవి చూపించమంటే డబ్బా తెచ్చింది. మన పుంటికూర చెట్టుకు కాసే ఎర్రటి కాయల పైతొక్కలే! మనం ఆకు తిని కాయ వదిలేస్తాం, వాళ్ళు కాయ తొక్క ఎండబెట్టి నీళ్ళలో నానేస్తారు. మాకు అరబీ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఫోనులో మా పెరటి పుంటికూర మడి ఫోటో ఉంటే చూపించాను. ఆమె ఆకును వేలితో తాకి, నోట్లో వేసుకున్నట్టు సైగ చేసి, కళ్ళు పెద్దవి చేసింది. బస్సులో వచ్చి బస్సులో పోయేవాళ్ళకు ఈ అరుగు దొరకదు.

ఈ ఊరికి ఒక దుఃఖముంది. డ్యామ్ వల్ల ఈజిప్టులో సుమారు 50 వేల మంది నూబియన్లు ఊళ్ళు వదిలారు. 1963, 64లలో వాళ్ళను ఉత్తరాన కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. నది ఒడ్డున ఖర్జూరపు తోటల్లో ఉన్నవాళ్ళు, వరసగా వేసిన ఇళ్ళలోకి. గుడికి ప్రపంచమంతా చందాలిచ్చింది, ఆ రోజుల్లో నాలుగు కోట్ల డాలర్లు ఖర్చయింది. గుడి ఎక్కడికెళ్ళిందంటే 200 మీటర్లు. మనుషులు ఎక్కడికెళ్ళారంటే నది కనబడని దూరం. అయినా ఒక మాట చెప్పాలి. అస్వాన్‌లో 1997లో తెరిచిన నూబియా మ్యూజియంలో రాజుల విగ్రహాలతో పాటు ఆ మనుషుల ఇళ్ళు, పెళ్ళి, బడి, వంట కూడా బొమ్మలతో చూపిస్తారు. పోయిన ఊరికి పేరుంది, ముఖముంది.

ఇక సాగర్.

మనవాళ్ళ సాగర్ యాత్ర ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆగస్టులో గేట్లు ఎత్తారని టీవీలో రాగానే హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా కార్లు బారులు తీరతాయి. 26 గేట్లు, తెల్లటి నురుగు, సెల్ఫీ. రోడ్డు పక్కన చేప ఫ్రై. కుదిరితే ఎత్తిపోతల జలపాతం. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. నాకు ఆ నురుగంటే కోపం లేదు, నేనూ ప్రతి ఏడూ చూస్తాను. ఎడమ కాలువ కింద పెరిగినదాన్ని, గేట్లెత్తారంటే మిర్యాలగూడ దాకా వరి ఊపిరి పీల్చుకుంటుందని తెలుసు. కానీ సాగర్ అంటే గేట్లే అనుకోవడం, మనిషిని చూడటానికి వెళ్ళి వాళ్ళ వాచీ చూసి రావడం లాంటిది.

ఆ డ్యామ్‌ను దగ్గరగా చూడండి. కాంక్రీటు గోడ కాదు, రాతి కట్టడం. నది మట్టం కింద పునాది నుంచి లెక్కేస్తే 124 మీటర్లు పైకి, రాయి మీద రాయి, సున్నితంగా సూటిగా పేర్చుకుంటూ వెళ్ళారు. పన్నెండేళ్ళు పట్టింది, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళొదిలారు. అబూ సింబెల్‌లో ఇటలీ నుంచి వచ్చిన పాలరాయి పనివాళ్ళు రంపంతో కొండను కోశారని గైడు గర్వంగా చెబుతాడు. చెప్పాల్సిందే. సాగర్‌లో సర్వె కట్టెల మెట్ల మీద తలకు చుట్టకుదురు పెట్టుకొని రాయి మోసిన పాలమూరు ఆడవాళ్ళ గురించి ఏ గైడూ చెప్పగా నేను వినలేదు. మా అమ్మమ్మ మెడ జీవితాంతం కొంచెం ఎడమకు వంగి ఉండేది. బరువు పెట్టుకునే పక్క అది. రెండు కట్టడాల్లో ఏది గొప్ప అని ఎవరైనా అడిగితే నాకు ఆ మెడ గుర్తొస్తుంది.

నాగార్జునకొండ దీవి సంగతి వేరు. లోయ మునిగాక కొండ నెత్తి దీవిగా మిగిలింది. కింది నుంచి ఎత్తుకొచ్చిన స్తూపాలు, విహారాలు కొన్నింటిని ఆ దీవి మీద, కొన్నింటిని ఒడ్డున అనుపులో మళ్ళీ కట్టారు. 1966లో దీవి మీద మ్యూజియం తెరిచారు. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన జాతక కథలు అక్కడున్నాయి. నిలబడ్డ బుద్ధుడి పక్కన కిటికీలోంచి చూస్తే చుట్టూ నీళ్ళు. ఆ నీళ్ళ కిందే ఆయన ఊరు.

అబూ సింబెల్‌లో పెద్ద గుడి పక్కన రాణి నెఫెర్తారికి ఒక చిన్న గుడి ఉంది. దాని ముందు రాజు విగ్రహాల ఎత్తునే రాణి విగ్రహాలు నిలబెట్టారు. ఈజిప్టులో అరుదట. గైడు ఆ మాట చెప్పినప్పుడు అందరూ ఆహా అన్నారు. నేనూ అన్నాను. కానీ నా మనసు వెంటనే మన శాసనాల మీదికి పోయింది. నాగార్జునకొండ మహాచైత్యాన్ని నిలబెట్టింది చాంతిసిరి. ఆమె ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి. ఇంకో శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక ఉంది. ఆమె రాణి కాదు, రాజకుటుంబం కాదు, ఒక గృహిణి. సింహళం నుంచి వచ్చే భిక్షువులు ఉండటానికి విహారంలో కట్టడాలు కట్టించింది. నెఫెర్తారి గుడి ఒక రాజు భార్యకిచ్చిన కానుక. ఇక్కడ ఆడవాళ్ళే దాతలు, తమ పేరు తామే చెక్కించుకున్నారు. రాతి మీద ఆడదాని పేరు వెతుక్కుంటూ నైలు దాకా వెళ్ళక్కర్లేదు, లాంచీ ఎక్కితే చాలు.

లాంచీ. ఇక్కడే నా గుండె మండుతుంది. రెండేళ్ళ కింద పిల్లలను నలభై మందిని తీసుకొని పొద్దున్నే ఒక లాంచీ రేవుకు వెళ్ళాం. ముందురోజు ఫోన్ చేసి కనుక్కున్నాం. తీరా వెళ్ళాక ఆ రోజు లాంచీ లేదన్నారు. ఎందుకో చెప్పలేదు, రేపుందో లేదో చెప్పలేదు. పిల్లలు టిఫిన్ డబ్బాలు పట్టుకొని మెట్ల మీద కూర్చున్నారు. రాష్ట్రం 2014లో విడిపోయింది. కొండ, మ్యూజియం, అనుపు అవతలి ఒడ్డు రాష్ట్రంలో పడ్డాయి. హిల్ కాలనీ, బుద్ధుడి పేర కట్టిన బుద్ధవనం పార్కు ఇవతల. నది మధ్యలో గీత ఉంటే ఉండనీ, కానీ చూడవచ్చిన మనిషికి ఇది ఒకే లోయ. ఇవతల 274 ఎకరాల్లో 2022లో తెరిచిన బుద్ధవనం చూసినవాళ్ళకు అవతల అసలు స్తూపాలున్నాయని తెలియదు. అవతల మ్యూజియం చూసినవాళ్ళకు ఇవతల బుద్ధవనం గురించి ఎవరూ చెప్పరు. ఒకే టికెట్టు మీద రెండు ఒడ్లూ చూసే ఏర్పాటు కోసం నేను ఎన్నిసార్లయినా అర్జీ రాస్తాను. అబూ సింబెల్‌లో గేటు దగ్గరే ఒక గది ఉంది. గుడిని ఎట్లా కోశారో, ఎట్లా ఎత్తారో ఫోటోలు పెట్టారు. అది చూశాకే లోపలికి పోతాం. కోత గీత కనబడగానే దాని కథ తెలిసి ఉంటుంది. సాగర్‌లో ఆ ఒక్క గది లేక మన లోయ కథ మూడు చోట్ల మూడు ముక్కలై పడి ఉంది.

మునిగిన ఊళ్ళ మాటేమిటి? ఇక్ష్వాకుల విజయపురి గురించి పుస్తకాలున్నాయి. అదే లోయలో 1950లలో పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళున్నాయి. పొలాలు, గొర్ల మందలు, పీర్ల కొట్టాలు, బొడ్రాయిలు ఉన్న ఊళ్ళు. వాటి ఫోటో ఒక్కటైనా చూడాలని ఎన్నోసార్లు వెతికాను. నూబియా మ్యూజియంలో బొమ్మ పెళ్ళికూతురి ముందు నిలబడి నేను కంట నీరు పెట్టుకున్నది అందుకే. మా కాలువ నీళ్ళు వాళ్ళ పొలాల మీంచి వచ్చాయి. ఆ రుణం పలకడానికి మాకు ఒక గోడైనా లేదు. పాలమూరు వాళ్ళకు ఇంకోటి కూడా ఉంది. శ్రీశైలం రిజర్వాయరు కింద పోబోతే అలంపురానికి ఎత్తి తెచ్చిన పాపనాశి గుళ్ళు, కూడలి సంగమేశ్వరాలయం. అది మళ్ళీ వేరే వ్యాసం.

సౌకర్యాల్లో అబూ సింబెల్‌దే పైచేయి, దాచను. శుభ్రత, బోర్డులు, మరుగుదొడ్లు, పొద్దున తెరిచే టైము మాట తప్పకపోవడం, అన్నీ మనకన్నా మెరుగు. సాగర్‌లో ఏప్రిల్, మే నెలల్లో రాయి కాలుతుంది, ఆ రెండు నెలలు వెళ్ళమని నేను చెప్పను. ఆదివారం అసలొద్దు. కానీ అబూ సింబెల్‌లో రెండో రోజు సాయంత్రానికి చూడాల్సింది అయిపోయింది. ఆ గొప్పతనం ఒకే ముఖం మీద ఉంది. సాగర్ గొప్పతనం చుట్టూ ఇరవై కిలోమీటర్లలో పరుచుకొని ఉంది. మ్యూజియం, అనుపు, హారీతి గుడి, డ్యామ్, కాలనీలు, బుద్ధవనం, చేపల వలలు. అది పూటలో దొరకదు. కార్తీకం దాటాక వెళ్ళండి. మొదటి రోజు సాయంత్రం చేరి ఏమీ చూడకండి, పైలాన్ కాలనీలో నడవండి. రెండో రోజు మొదటి లాంచీకి దీవి, శుక్రవారం మాత్రం కాకుండా, ఆ రోజు మ్యూజియం మూస్తారు. మధ్యాహ్నం నిద్రపోండి. నాలుగింటికి అనుపు. మూడో రోజు పొద్దున డ్యామ్, బుద్ధవనం.

ఫిబ్రవరిలో అమ్మను తీసుకొని మేం అదే చేశాం.

అనుపులో ఆట ఆవరణ ఉంది. మధ్యలో నలుచదరపు నేల, చుట్టూ మెట్లు. లోయ నుంచి ఎత్తుకొచ్చి ఇక్కడ తిరిగి కట్టిందే. సాయంత్రం ఎండ వాలింది, ఇంకెవరూ లేరు. మా ఆయన కింద నిలబడి మామూలు గొంతుతో "అత్తమ్మా, వినబడుతుందా?" అన్నాడు. పైమెట్టు మీద అమ్మకు చక్కగా వినబడింది. అమ్మ అక్కణ్ణించే నాటు పాట ఒక చరణం పాడింది. క్యాంపులో రాళ్ళు మోస్తూ పాడేవాళ్ళట. నాకు ఆ పాట అంతకుముందు తెలియదు. యాభై ఏళ్ళుగా మా అమ్మ నోట్లో ఉన్న పాట నాకు తెలియదు.

ఆ రాత్రి అస్వాన్ నుంచి తెచ్చిన కర్కదే వేడి నీళ్ళలో వేసి ఇచ్చాను. వాసన చూసి, గుక్క తాగి, "పుంటికూర కాయే గదనే ఇది. అంత దూరం పోయి ఇదా తెచ్చింది?" అంది. తర్వాత ఫోన్లో అబూ సింబెల్ ఫోటోలు ఒక్కోటి జరిపి చూసింది. నేల మీద పడి ఉన్న తల దగ్గర ఆగింది. "ఇంత చేసినోళ్ళు దీన్ని ఎత్తి పెట్టలేదేంది?"

పడ్డదాన్ని పడ్డట్టే ఉంచారమ్మా అన్నాను.

"మంచిగ జేసిన్రు," అంది.

మర్నాడు పొద్దున పైలాన్ కాలనీలో అమ్మ మమ్మల్ని వెనక రమ్మని ముందు నడిచింది. రెండు సందులు తప్పింది, మళ్ళీ వెనక్కొచ్చింది. చివరికి ఒక వేపచెట్టు దగ్గర నిలబడింది. "మా గుడిసె ఈడ్నే. ఈ చెట్టు అప్పుడు నా నడుమెత్తుండె." ఆ పక్కింటావిడ బయటికొచ్చి, ఎవరు కావాలమ్మా అంటే అమ్మ చెప్పింది. ఆమె లోపలికెళ్ళి కుర్చీ, చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆమె అత్తగారు కూడా డ్యామ్ పనికి వచ్చినావిడే, వనపర్తి దిక్కు. ఇద్దరూ మేస్త్రీల పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకు ఇంకో పేరు తగిలింది. అప్పటికి పదయింది, మేం పన్నెండుకు రూము ఖాళీ చేయాలి. మా ఆయన గడియారం చూపించాడు.

అమ్మ ఇటు తిరిగి, "ఇయ్యాల కూడ ఉందామా బిడ్డా?" అంది.

మా ఆయన వెళ్ళి రూము ఇంకో రోజుకు రాయించి వచ్చాడు.